పాణం ఎక్కడుంటది

స్రవంతి పెద్ద నోట్లోకి అడుగు పెట్టింది.

అది నిజం నోరు కాదు. సూర్యాపేటలో కొత్తగా తెరిచిన శరీరం మ్యూజియానికి వాకిలి అట్లా కట్టారు. పైన గడప చెక్కలంత పళ్లు, కింద ఎర్రటి నాలుక. నాలుక మీద నడుస్తుంటే కాళ్లు మెత్తగా దిగబడుతున్నాయి. పిల్లలు ఒకటే నవ్వులు.

"జర మెల్లగ నడువుండ్రి. లేకుంటే మింగుతది," అన్నాడు వెనక నుంచి జగన్.

వాళ్లంతా ఆరో తరగతి పిల్లలు. చివ్వెంల దగ్గరి ఊరి బడి నుంచి పొద్దున్నే బస్సులో వచ్చారు. ఒక్కొక్కరితో ఇంటి నుంచి ఒక పెద్దమనిషి రావాలని విజయ టీచర్ ముందే చెప్పింది. అందుకే జగన్ పక్కన వాళ్ల నాన్న ఉన్నాడు. కొందరికి అమ్మలు వచ్చారు. ఒకమ్మాయికి తాత వచ్చాడు. స్రవంతి పక్కన మాత్రం ఎవరూ లేరు.

"మీ అమ్మ ఏది?" అడిగాడు జగన్.

"రాలే."

"ఎందుకు?"

"పాణం బాగలేదంట," అంది స్రవంతి మూతి తిప్పుతూ.

ఆ మాట సంగతి ఆమెకు బాగా తెలుసు. పోయిన వారం లెక్కల పరీక్ష రోజు ఆమె కూడా అదే మాట అంది. "అమ్మా, పాణం మంచిగ లేదు" అని దుప్పటి ముసుగేసుకుంది. అమ్మ నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి, "పండుకో బిడ్డా" అని పొలం పనికి వెళ్లిపోయింది. అమ్మ సందు మలుపు తిరగగానే స్రవంతి లేచి టీవీ పెట్టుకుంది. గిన్నెలో ఉప్మా అంతా తినేసింది. ఆ ఒక్క మాటతో పరీక్ష ఖతం.

అదే మాట ఇవాళ పొద్దున అమ్మ నోట వచ్చింది.

"బిడ్డా, నా పాణం మంచిగ లేదు. నువ్వు టీచర్‌తోని పో," అంది అమ్మ మంచం మీద నుంచి లేవకుండానే.

"నిన్న వస్తనన్నవ్ కదా. చీర గూడ తీసి పెట్టుకున్నవ్."

"వచ్చేదాన్నే, కాని..."

"నీకు రాబుద్ధి కాలే. గంతే," అంది స్రవంతి. కిటికీలో ఉన్న అమ్మ ఫోను తీసి బడిసంచిలో వేసుకుంది. "ఫొటోలన్నా తీసుకుంట." గడప దాటుతుంటే వెనక నుంచి అమ్మ ఏదో అంది. స్రవంతి ఆగలేదు. బస్సు దాకా పరుగే పరుగు.

ఇప్పుడు ఆ కోపం కూడా సగం పోయింది. మ్యూజియం అంత బాగుంది మరి.

పిల్లలకు అన్నీ చూపించే అక్క పేరు నీలా. మెడలో కార్డు, కాళ్లకు తెల్ల బూట్లు, పెదవుల మీద ఎప్పుడూ నవ్వు. "ఈడ ఏది ముట్టుకున్నా ఎవ్వరు తిట్టరు," అని మొదటే చెప్పింది. "ముట్టుకోకుంటేనే తిడత."

ముందు గది గుండెది. ఇనుప పిడి పట్టుకుని నిలబడితే, పట్టుకున్న మనిషి గుండె ఎట్లా కొట్టుకుంటే మూలనున్న పెద్ద డప్పు అట్లా మోగుతుంది. జగన్ వాళ్ల నాన్న పట్టుకుంటే డప్పు నిదానంగా మోగింది. జగన్ గది చుట్టూ ఉరికొచ్చి పట్టుకుంటే బోనాల నాటి దరువులాగా మోగింది. అందరూ చప్పట్లు కొట్టారు.

తర్వాత ఊపిరితిత్తుల గది. అక్కడ గొట్టంలోకి ఊదితే గోడకున్న రెండు సంచులు ఉబ్బుతాయి. ఆ తర్వాత కడుపు గది. నమిలిన అన్నం పేగుల్లో ఎంత దూరం పోతుందో చూపించడానికి నేల మీద పొడుగు గొట్టం మెలికలు మెలికలుగా పరిచారు. పిల్లలు అందులో దూరి పాకుతూ అవతలికి తేలారు. స్రవంతి అన్నిటికీ ఫొటోలు తీసింది. ఒక్కొక్క ఫొటో తీసినప్పుడల్లా, అమ్మ వస్తే ఎంత నవ్వేదో అనిపించింది. అనిపించినప్పుడల్లా మళ్లీ కోపం వచ్చింది.

చివరి గదిలో గోడ నిండా ఒక నిలువెత్తు మనిషి బొమ్మ ఉంది. అద్దంతో చేసింది. లోపల సన్నగా వెలుగు. దాని ఒంటి మీద ఎక్కడ అరచెయ్యి ఆనిస్తే అక్కడ దీపం వెలిగి, లోపల ఏముందో గోడలోంచి ఒక గొంతు చెబుతుంది.

"ఒక్కొక్కలు రాండ్రి," అంది నీలా. "మీకు ఎప్పుడన్న ఏడ నొచ్చిందో ఆడ చెయ్యి పెట్టుండ్రి."

జగన్ మోకాలి మీద పెట్టాడు. "మా నాన్న బండి మీదికెళ్లి పడ్డ," అన్నాడు.

"నేను పడెయ్యలే టీచర్. వీడే దుంకిండు," అన్నాడు వాళ్ల నాన్న.

ఒకమ్మాయి పన్ను మీద పెట్టింది. వాళ్ల తాత నడుము మీద చెయ్యి పెట్టి, గోడలోని గొంతు చెప్పేదంతా తల ఊపుతూ విన్నాడు. స్రవంతి వంతు వచ్చింది. ఆమెకు ఎప్పుడు ఏం నొచ్చిందో గుర్తు రాలేదు.

"నీది యాదికొస్తలేదా? అయితే ఇంట్ల ఎవరిదన్న చెప్పు," అంది నీలా.

"వాళ్ల అమ్మకు పాణం బాగలేదంట అక్కా. అందుకే రాలే," అన్నాడు జగన్ లైన్లోంచి.

"అవునా? ఎక్కడ బాగలేదు?"

స్రవంతి బిక్కమొహం వేసింది. "ఎక్కడ అంటే... పాణం అక్కా. పాణం బాగలేదు."

"అదే. పాణం ఎక్కడుంటది? సూపెట్టు. ఆడ చెయ్యి పెట్టు."

స్రవంతి చెయ్యి ఎత్తింది. గుండె దాకా పోయి ఆగింది. తల దగ్గరికి పోయి ఆగింది. వెనకనున్న పిల్లలు తలొకటి చెప్పారు. "గుండెలనే." "కాదు, మెడల." "కడుపుల ఉంటదిరా, ఆకలైతే పాణం పోతది కదా." అందరూ నవ్వారు. నీలా కూడా నవ్వింది.

"పాణం అని ఒక చోటు లేదు బిడ్డా. మనోళ్లు తల నొచ్చినా, కాలు నొచ్చినా, జరమొచ్చినా పాణం బాగలేదనే అంటరు. మా అమ్మ గూడ గంతే. ఇనేటోళ్లే ఎక్కడ అని అడగాలె. మీ అమ్మ ఎట్ల పండుకున్నది పొద్దున? జర యాది తెచ్చుకో."

స్రవంతి కళ్లు మూసుకుంది.

పొద్దున ఆమె చూసి కూడా చూడనివన్నీ ఒక్కొక్కటే కనిపించాయి. అమ్మ మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని పడుకుంది. చెయ్యి కుడి పక్కన, నడుముకు కిందుగా ఒత్తి పట్టుకుంది. నుదుటి నిండా చెమట. రాత్రి గిన్నెలో అన్నం అట్లానే ఉంది. తెల్లవారుజామున ఇంటి వెనక ఎవరో కక్కుతున్న చప్పుడైతే, స్రవంతి అటు తిరిగి పడుకుంది.

సాకుకు పాణం బాగలేదనే మనిషి అట్లా ముడుచుకోదు. తను పరీక్ష రోజు దుప్పటి కింద కాళ్లు బార్లా చాపుకుని పడుకుంది కదా.

మెల్లగా చెయ్యి తీసి బొమ్మ కడుపు మీద, కుడివైపు కిందుగా ఆనించింది. అక్కడ ఎర్ర దీపం వెలిగింది.

"ఇక్కడ అపెండిక్స్ ఉంటుంది," అంది గోడలోని గొంతు. "పెద్దపేగుకు వేలాడే చిన్న తిత్తి. బొడ్డు దగ్గర మొదలై ఇక్కడికి దిగే నొప్పి, వాంతులు, జ్వరం ఉంటే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించాలి."

గదిలో నవ్వులు ఆగిపోయాయి.

"మీ అమ్మకు వాంతులైనయా?" అడిగింది విజయ టీచర్ దగ్గరికొచ్చి.

స్రవంతి తలూపింది.

"ఈ బొమ్మ డాక్టర్ కాదు టీచర్," అంది నీలా. "అదే అని మనం అనుకోవద్దు. కాని ఒక్కసారి ఫోన్ చేసి అడుగుండ్రి. అడిగితే పోయేదేం లేదు."

టీచర్ తన ఫోనులో పిల్లల నంబర్లు వెతికి స్రవంతి వాళ్ల అమ్మకు కలిపింది. అందరూ చూస్తున్నారు.

ఫోను మోగింది. స్రవంతి వీపు మీది బడిసంచిలో.

ఒక్క నిమిషం ఎవరికీ అర్థం కాలేదు. స్రవంతి మాత్రం సంచి ముందుకు లాక్కుంది. గడప దాటుతుంటే అమ్మ ఏమందో ఇప్పుడు చెవిలో స్పష్టంగా వినబడింది. "ఫోను పెట్టిపో బిడ్డా" అంది అమ్మ. నాన్న సిమెంటు లారీ మీద మేళ్లచెరువు వెళ్లాడు. ఇంట్లో ఇంకెవరూ లేరు. అమ్మ ఎవరినైనా పిలుద్దామన్నా, పిలవడానికి చేతిలో ఏమీ లేదు.

"నేనే తీస్కొచ్చిన టీచర్," అంది. సంచిలోంచి ఫోను బయటికి తీసింది.

టీచర్ తిట్టలేదు. తిట్టడానికి టైం లేదు. "పక్కింట్ల ఎవరున్నరు?"

"ఎల్లమ్మత్త. నంబరు ఇందులనే ఉంటది."

స్రవంతి ఎల్లమ్మ నంబరు నొక్కింది. రింగు పోయింది. ఎవరూ ఎత్తలేదు. మళ్లీ నొక్కింది. మళ్లీ అంతే. నాట్ల రోజులు కదా, ఎల్లమ్మత్త మడిలో ఉండి ఉంటుంది. ఫోను సద్ది మూటలో, గట్టు మీద.

"ఎత్తేదాక చెయ్యి," అంది నీలా పక్కన మోకాళ్ల మీద కూర్చుని.

స్రవంతి మళ్లీ నొక్కింది. రింగు పోతూనే ఉంది. ఆగిపోతుందనుకునే లోపు అవతల, చేసింది అమ్మే అనుకుని, ఎల్లమ్మత్త గొంతు గరగరమంది.

"ఏందే నాగరాణీ, ఒక్కటే చేస్తున్నవ్. చేతులకు బురదున్నది."

"అత్తా, నేను స్రవంతిని. అమ్మ ఫోను నా దగ్గర్నే ఉన్నది. అమ్మ దగ్గరికి జర పోతవా?"

"పొద్దున నాటుకు పిలుద్దామని పోయిన. పాణం బాగలేదన్నది. పండుకోనియ్యి."

"ఎక్కడ బాగలేదని అడిగినవా అత్తా?"

"పాణం బాగలేదంటే ఇగ ఎక్కడని ఎవరడుగుతరే?" అంది ఎల్లమ్మ.

"నువ్వు అడుగు అత్తా. కుడి పక్క కడుపు నొస్తుందా అడుగు. జరమున్నదా చూడు. నీ కాళ్లు మొక్కుత, ఇప్పుడే పో."

గట్టు మీద నీళ్లు చిందిన చప్పుడు వినబడింది. ఎల్లమ్మ నడవడం మొదలుపెట్టింది. "ఫోను పెట్టకు. పోతనే ఉన్న," అంది.

మిగతా పిల్లలను జగన్ వాళ్ల నాన్న ఎముకల గదిలోకి తీసుకుపోయాడు. స్రవంతి అక్కడే నేల మీద కూర్చుంది. చెవికి ఫోను, ఫోనులో ఎల్లమ్మ ఆయాసం, దారిలో కుక్క అరుపు, తలుపు చప్పుడు. తర్వాత ఎల్లమ్మ గొంతు మారిపోయింది.

"నాగరాణీ. ఇటు సూడు. ఎక్కడ నొస్తుందే? ఈడనా? అమ్మో, చెయ్యి పెట్టనిస్తలేదు. ఒళ్లు కాలిపోతుంది బిడ్డా. జర సోడా తెచ్చి తాపనా? గ్యాసేమో."

నీలా ఫోను దగ్గరికి వంగింది. "వద్దమ్మా. ఏం తినబెట్టొద్దు, ఏం తాపొద్దు. 108కి ఫోన్ చెయ్యి. సూర్యాపేట దవాఖానకు తీస్కరాండ్రి. మేం బిడ్డను తీసుకొని ఆడికే వస్తం."

దవాఖాన ముందు అంబులెన్స్ ఆగేసరికి స్రవంతి గేటు దగ్గరే నిలబడి ఉంది. తలుపు తెరుచుకుంది. అమ్మ మొహం పిండి పూసినట్టు తెల్లగా ఉంది. కళ్లు తెరిచి చూసి, "బస్సు దిగి అన్నం తిన్నవా?" అంది.

స్రవంతికి ఏడుపు ఆగలేదు. స్ట్రెచర్ వెంట నడుస్తూనే చెప్పింది. "అమ్మా, ఫోను నేను తీస్కపోయిన. నువ్వు పిలిచినవ్. ఇన్న, కాని ఇనలే."

అమ్మ చెయ్యి చాపి ఆమె వేళ్లు పట్టుకుంది. లోపలి తలుపు దాకా వదల్లేదు.

డాక్టరమ్మ పరీక్ష చేసింది, స్కానింగ్ తీయించింది. అపెండిక్స్ వాచిందని, ఇవాళే ఆపరేషన్ చేయాలని చెప్పింది. తలుపు మూసుకుంది. బయట బెంచీ మీద స్రవంతి, విజయ టీచర్, ఎల్లమ్మ. ఎల్లమ్మ మడిలోంచి వచ్చినది వచ్చినట్టే ఉంది. మోకాళ్ల దాకా బురద ఎండి పొరలు లేచింది. ఆమె నాటు సగంలో వదిలేసి వచ్చింది. ఆ సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదు.

స్రవంతి లేచి వెళ్లి బాటిల్ నిండా నీళ్లు పట్టుకొచ్చింది. "అత్తా, నల్లా కాడికి రా. కాళ్లు కడుగుత."

"ఏందే, పెండ్లికొడుకును చేస్తున్నవా నన్ను," అంది ఎల్లమ్మ. అయినా వచ్చి నిలబడింది. స్రవంతి వేళ్ల సందుల్లోని బురద కూడా పోయేదాకా నీళ్లు పోసి కడిగింది. ఎల్లమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది, ఎండ బాగా ఉందన్నట్టు ఆకాశం వైపు చూసింది.

పొద్దు వాలే వేళకు, కబురు అందుకుని నాన్న వచ్చాడు. ఒంటి మీద సిమెంటు దుమ్ము అట్లాగే ఉంది. అప్పుడే తలుపు తెరుచుకుని డాక్టరమ్మ బయటికొచ్చింది.

"ఆపరేషన్ బాగైంది," అంది. "లోపల పగిలి ఉంటే పరేషాన్ అయ్యేది. మంచి టైంల తెచ్చిన్రు. ఎవరు గుర్తుపట్టింది?"

ఎల్లమ్మ స్రవంతిని చూపించింది. స్రవంతి టీచర్‌ను చూపించింది. టీచర్, "మ్యూజియంల ఒకమ్మాయి అడిగింది మేడం, ఎక్కడ అని," అంది. నాన్న ఒక్కొక్కరి మొహమే చూశాడు. వెళ్లి అందరికీ చాయ్ తెచ్చాడు. ఎల్లమ్మకు రెండు చేతులతో ఇచ్చాడు.

మరుసటి రోజు స్రవంతి, నీలా ఇచ్చిన నంబరుకు ఫోన్ చేసింది. "అక్కా, అమ్మ ఇడ్లీ తిన్నది," అంది. ఇంకేదో చెప్పబోయి, మళ్లీ అదే మాట అంది. "నాకు సమజైంది తల్లీ," అంది నీలా.

కుట్లు విప్పి అమ్మ ఇంటికి వచ్చాక, ఒక మధ్యాహ్నం స్రవంతి బడి నుంచి వచ్చేసరికి అమ్మ బిందె ఎత్తబోతోంది. స్రవంతి సంచి పడేసి పరుగెత్తి బిందె లాక్కుంది.

"డాక్టరమ్మ బరువు ఎత్తొద్దన్నది కదనే."

"నాకేమైంది? మంచిగనే ఉన్న."

అంతకుముందైతే స్రవంతి ఆ మాట విని సరేనని ఆటకు పోయేది. ఇప్పుడు పోలేదు. అమ్మ చెయ్యి పట్టుకుని వాకిట్లో మంచం మీద కూర్చోబెట్టింది. తను కింద కూర్చుంది.

"మంచిగ ఉంటే ఉండు. కాని ఏడేడ నొస్తుందో చెప్పు. ఒక్కటి గూడ ఇడ్వద్దు."

"పిచ్చి పిల్ల. ఏం నొస్తలేదు."

"చెప్పేదాక లేవ."

అమ్మ నవ్వింది. తర్వాత మెల్లగా కుడి పాదం ముందుకు చాపింది. "ఈ మడిమ పగిలి, బురదల దిగితే సూదులు గుచ్చినట్టయితది," అంది. స్రవంతి ఆ పాదాన్ని ఒళ్లోకి తీసుకుంది. "నాట్లు ఏసి ఏసి ఈ మోకాలు కూసుంటె లేవనియ్యది. ఈ రెండు వేళ్లు పొద్దుగాల తిమ్మిరెక్కుతయి. నువ్వు పుట్టినప్పటి సంది నడుముల ఈడ, ఇగో ఈడ, పట్టేసినట్టుంటది."

"ఎవరికీ చెప్పలేదా అమ్మా?"

"ఎవరడిగిన్రు బిడ్డా," అంది అమ్మ. కోపంగా కాదు. చాలా రోజులకు బరువు దించుకున్న మనిషిలాగా అంది. మళ్లీ మొదలుపెట్టింది. భుజం గురించి చెప్పింది. కన్ను మసక గురించి చెప్పింది. ఒక్కొక్కదానికీ స్రవంతి, "ఎప్పటి సంది? నడిస్తె ఎక్కువైతదా?" అని అడుగుతూనే ఉంది. సోమవారం దవాఖానకు పోయినప్పుడు మోకాలు సంగతి కూడా డాక్టరమ్మకు చెప్పాలని ఇద్దరూ అనుకున్నారు.

గోడ అవతల నుంచి ఎల్లమ్మ తల పైకి లేచింది.

"ఏం ముచ్చట పెడుతున్నరే తల్లీబిడ్డలు?"

"నా నొప్పులన్ని ఇప్పి చూస్తున్నది వదినా," అంది అమ్మ.

ఎల్లమ్మ గోడ చుట్టూ తిరిగి వచ్చింది. చెంగు దోపుకుని మంచం రెండో చివర కూర్చుని, ఎడమ కాలు స్రవంతి ముందుకు చాపింది.

"మీ అమ్మది అయినంక నాది ఇను," అంది. "నాది పొద్దుమూకేదాక పడతది."

స్రవంతి అమ్మ పాదాన్ని కొంచెం పక్కకు జరిపి, ఒళ్లో ఆమె కాలికి కూడా చోటు చేసింది.

"చెప్పు అత్తా," అంది. "ఎక్కడ?"